వంటింటి మాటలు: తడిపొడుల వివేకము

పరీక్షలో ఎట్లో గట్టెక్కిన విద్యార్థికి అత్తెసరు మార్కులు వచ్చినవని మనమందరము అనుచుందుము. ఈ మాటను వాడువారిలో అత్తెసరు అనగా నేమో ఎరిగినవారు నేడు బహు కొద్దిమంది. ఎసరనగా అన్నము వండుటకై పాత్రలో పోసి కాచు నీరు. బియ్యము ఉడికిన పిదప మిగిలిన గంజిని వార్చివేయుట ఒక పద్ధతి. వార్చ నక్కర లేకుండ, పోసిన నీరంతయు అన్నములోనే ఇగిరిపోవునట్లు కొలిచి పోసి వండుట మరియొక పద్ధతి. ఈ రెండవదానికే అత్తెసరని పేరు. నీరు కావలసినంత మాత్రమే. అంతకు మించి చుక్కయైనను ఉండరాదు. ఈ భావమే మార్కులకు సంక్రమించినది. ఇందలి విశేషమేమన, ప్రెషరు కుక్కరు వాడుకలోనికి వచ్చిన పిదప ఎన్నియో ఇండ్లలో దినదినము వండుచున్నది అత్తెసరు అన్నమే. కాని దాని నా పేరుతో పిలుచువారు అరుదు. పని నిలిచినది; పేరు మాత్రము ఆ పనిని విడిచి పరీక్షాఫలితములలో తలదాచుకొన్నది.

వంటింటి పదములలో పెక్కింటికి ఇట్టి గతియే పట్టుచున్నది. ఇవి కేవలము వస్తువుల పేర్లైనచో, వస్తువుతో పాటు పేరును పోయినదని సరిపెట్టుకొనవచ్చును. కాని ఈ పదములను ఒకచోట చేర్చి చూచినచో వీనిలో ఒక క్రమము కానవచ్చును. ఎసరు పెట్టుట మొదలు గాదెలో ధాన్యము నిలువ చేయుట వరకు, తెలుగు ఇల్లాలు వాడిన మాటలలో అధికభాగము ఒకే ప్రశ్న చుట్టును తిరుగుచుండును. ఆ ప్రశ్న నీటిని గూర్చినది: ఆహారములో నీరెంత ఉన్నది, ఎంత ఉండవలెను, మిగిలిన దానిని ఎట్లు తొలగింపవలెను, తొలగింపరానిచో దానిని ఎట్లు కట్టడి చేయవలెను? తడికిని పొడికిని మధ్యగల మెట్లను ఈ పదజాలము ఎంత సూక్ష్మముగ గుర్తించినదో నిరూపించుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

1. ఎసరు నుండి ఇగురు వరకు

వంటకు సంబంధించిన క్రియలను మొదట పరిశీలింతము. నీరు, పాలు, నెయ్యి మున్నగు ద్రవములు కాగును. కాగిన నీరు ఇంకను వేడియెక్కినచో మరుగును. ఆ నీటిలో పడిన గింజయు కూరగాయయు ఉడుకును. నూనెలోనో నేతిలోనో పడినది వేగును. నీరును నూనెయు లేక నిప్పుమీద పెట్టినది కాలును. మూతపెట్టి, వేరుగా నీరు పోయక, తన తడితోడనే మెత్తబడనిచ్చినది మగ్గును. ఉడికిన కూరలోని నీరు తరిగి గుజ్జు ముక్కను పట్టుకొన్నచో ఇగిరినదందుము. అట్టి కూరకు ఇగురనియే పేరు. నీరంతయు పోయి పదార్థము పాత్రకు అంటుకొన్నచో అడుగంటినది. అంతకు మించినచో మాడినది.

ఈ క్రియలలో వేడి ఒక్కటియే ప్రమాణమైనచో ఇన్ని మాటల అవసరము లేదు. ఉడుకుటకును మగ్గుటకును గల భేదము నిప్పులో లేదు, నీరు ఎచ్చటనుండి వచ్చినదను దానిలో ఉన్నది. ఉడుకునప్పుడు నీరు వెలుపలిది; మగ్గునప్పుడు నీరు కాయ లోపలిది. గడ్డిలో మాగవేసిన మామిడికాయ విషయమునను ఇట్టి మాటయే వాడుదురు. అచ్చట నిప్పు లేదు. అయినను బయటి గాలి చొరకుండ కప్పియుంచగా తన లోపలి మార్పుచేతనే కాయ మెత్తబడుచున్నది. పొయ్యిమీది వంకాయకును గడ్డిలోని మామిడికాయకును ఒకే పోలికను చూచి మగ్గుట యనుట పరిశీలన గలవారికి గాని సాధ్యము కాదు.

అన్నము విషయమున నీటి లెక్క మరింత కచ్చితమైనది. నీరు చాలక గింజ నడుమ గట్టిగా మిగిలినచో అన్నము పలుకుగా ఉన్నదందురు. నీరెక్కువై మెతుకు విడిపోయినచో చిమిడినదందురు. ఈ రెంటికి నడుమ మెతుకు మెతుకుగా నున్న అన్నమే సరియైనది. గంజిని ఒంపుటకు వాడు వార్చు క్రియయే సంధ్య వార్చుట యందును కలదు. నీటిని నిదానముగా ఒక పక్కకు విడుచుటయే రెండు చోట్లను సామాన్యధర్మము.

పిండి చేయు పనులలోను ఈ విభాగమే కానవచ్చును. తిరగలిలో పొడి గింజలను పోసి విసరుదురు. నానిన పప్పును రుబ్బురోటిలో నీరు చిలుకరించుచు రుబ్బుదురు. రోటిలో రోకలితో దంచుదురు. సన్నికంటిమీద నూరుదురు. విసరుటకు తడి పనికిరాదు. రుబ్బుటకు తడి లేక సాగదు. నేడు ఈ పనులన్నింటిని ఒకే విద్యుద్యంత్రము చేయుచున్నది కావున అన్నింటికిని మిక్సీలో వేయుట యను ఒక్క మాటయే చాలుచున్నది.

2. ఆరుట, వడలుట, ఎండుట

నిలువ చేయు పదార్థములకు సంబంధించిన పదములలో ఈ మూడును ముఖ్యమైనవి. ఆరుటకు మూడు అర్థములు కలవు. దీపము ఆరును, వేడి అన్నము ఆరును, తడిబట్ట ఆరును. మంటయైనను, వేడియైనను, తడియైనను, ఉన్నది తొలగిపోవుటయే ఇందలి భావము. ఎండు క్రియకును ఎండ యను నామమునకును గల సంబంధము స్పష్టమే.

ఆరుటకును ఎండుటకును గల భేదము ఊరగాయల సందర్భమున చక్కగా తేటపడును. ఆవకాయకు మామిడికాయలను కడిగి, గుడ్డతో తుడిచి, టెంకతో పాటు ముక్కలు కొట్టి, లోపలి జీడియు పొరయు తీసివేసి, నీడపట్టున ఆరనిత్తురు. పైనున్న చెమ్మ పోయిన చాలును. ముక్కలోని రసము పోరాదు. మాగాయకు చెక్కు తీసి, ముక్కలు తరిగి, ఉప్పు పసుపులలో ఊరవేసి, మూడవనాడు పిండి ఎండలో పెట్టుదురు. ఈ ముక్కలు వడలవలెను గాని పూర్తిగా ఎండిపోరాదు. వరుగులకైనచో ముక్కలు గలగలలాడునట్లు ఎండవలెను. ఆరిన ముక్క, వడలిన ముక్క, ఎండిన ముక్క అను ఈ మూడును మూడు నిలువ పద్ధతులు. ఒకదాని పాకమును మరియొకదానికి వర్తింపజేసినచో రెండును చెడును.

ఎండబెట్టుటయందును పదార్థమును బట్టి భేదములు కలవు. కూరగాయను తరిగి ఎండబెట్టినది వరుగు. కొన్ని సీమలలో ఒరుగు. రుబ్బిన పిండిలో బూడిదగుమ్మడి ముక్కలనో మరియొకదానినో కలిపి పెట్టినది వడియము. పిండిని తడిపి, దంచి, పలుచగా ఒత్తి ఎండబెట్టినది అప్పడము. పండ్లరసమును తాటిచాపమీద పొరమీద పొరగా పోసి ఎండనిచ్చినది తాండ్ర. మిరపకాయలను ఉప్పు వేసిన మజ్జిగలో రాత్రి ఊరవేసి, పగలు ఎండబెట్టి, మజ్జిగ ఇంకిపోవువరకు ఈ పనినే మరల మరల చేసినవి చల్లమిరపకాయలు. వీనినే ఊరమిరపకాయలనియు అందురు. ఇవన్నియు ఎండకాలపు పనులు, వానాకాలపు తిండ్లు.

ఈ ఋతుసంబంధము ప్రాచీనమైనది. శ్రీకృష్ణదేవరాయల ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడు అతిథులకు ఆయా ఋతువులకు తగిన భోజనములను పెట్టు ఘట్టము ప్రసిద్ధము. అందు వానాకాలపు విస్తరిలో వరుగులు కనిపించును. చలికాలపు భోజనములో మిరియపుపొడియు ఆవపచ్చళ్లును కనిపించును. తడికాలమున పొడి తిండిని, చలికాలమున ఘాటైన తిండిని కవి పేర్కొనుట కేవలము వర్ణనాచమత్కృతి కాదు. అది నాటి ఇంటి నడవడి. ఈ పట్టికలో మిరపకాయ లేకపోవుటయు గమనింపదగినది. మిరప అమెరికా ఖండమునుండి ఐరోపా వర్తకుల మూలమున ఈ దేశమునకు వచ్చిన పంట. అంతకు పూర్వము కారమునకు మిరియమే ఆధారము. క్రొత్త కాయ ఆ మిరియమునకు దగ్గర పేరుతోడనే తెలుగులో స్థిరపడినది. కావున నేటి ఆవకాయ యెరుపు కృష్ణదేవరాయల కాలమునాటిది కాదు. ఆవ మాత్రము అప్పటికే ఉన్నది.

3. ఊరుట

వంటింటి పదములలో భావగర్భితమైనది ఊరు అను క్రియ. పూర్వనిఘంటువులు దీనిని శకటరేఫముతో ఊఱు అని వ్రాయును. గ్రామవాచకమైన ఊరు సాధురేఫము గలది. నేటి వ్రాతలో ఈ భేదము పోయినది. తమిళములోని ఊఱుకాయ్ అను మాట మన ఊరగాయకు సోదరపదము కావున ఈ పదము రెండు భాషలకును ఉమ్మడి సొత్తని తెలియుచున్నది.

బావిలో నీరూరును, నోరూరును, పుండునుండి రసి యూరును, ఉప్పులో కాయ యూరును. లోపల దాగియున్న నీరు మెల్లమెల్లగా వెలికి వచ్చుట ఈ వాడుకలన్నింటను సామాన్యము. ఉప్పు చల్లిన మామిడిముక్కకు జరుగునదియు ఇదియే. ముక్కకు వెలుపల ఉప్పు గాఢముగా నుండుటచే లోపలి నీరు పొరలగుండ బయటికి వచ్చును. కొంత ఉప్పు లోపలికి చేరును. ఆధునిక విజ్ఞానశాస్త్రము దీనిని ద్రవాభిసరణము మున్నగు పేర్లతో వివరించుచున్నది. మన ఇంటి భాష దీనికి ఊట యని పేరు పెట్టినది. మాగాయ ముక్కలను పిండగా వచ్చిన ఉప్పునీటికి నేటికిని ఊట యనియే పేరు. ఆ ఊటను పారబోయరు. ముక్కలతో పాటు ఎండలో కాచి, కారమును మెంతిపొడిని కలిపి, ముక్కలను మరల దానిలోనే వేయుదురు. తీసిన నీటిని చిక్కబరచి, ఉప్పుతో కట్టి, తిరిగి చేర్చుట ఇచ్చటి ఉపాయము.

ఇందువలన ఒక సందేహము తీరును. ఊరగాయ తడి పదార్థమే కదా, ఏడాది పొడుగున ఎట్లు నిలుచును? అందు నీరున్నది, కాని ఆ నీరు ఉప్పుచే పట్టువడిన నీరు. బూజునకుగాని, కుళ్లు పుట్టించు సూక్ష్మజీవులకుగాని అది సులభముగ అందదు. పులుపు వానికి మరియొక అడ్డంకి. పైన తేలిన నూనె గాలిని ఆపును. ఆవపిండి నాల్గవ కావలి. పొడిగా నున్న ఆవగింజకు ఘాటు లేదు; గింజ నలిగి తడి తగిలినప్పుడే అందలి పదార్థములు కలిసి ఘాటు పుట్టును. ఆ ఘాటునకు సూక్ష్మజీవుల నడచు శక్తి కలదు. జాడీలో చేయి పెట్టునప్పుడు తడి ఉండరాదని పెద్దలు గద్దించుటకు కారణమిదియే. తడి గరిటెతో పడిన నాలుగు నీటిచుక్కలు ఉప్పుచే పట్టువడనివి. పైపొరలో అవి నిలిచినచోటనే బూజు మొలచును.

మూడవనాడు తిరుగ కలుపుటయు ఇట్టిదే. అప్పటికి ముక్క ఊరి ఊట దిగియుండును. అడుగున చేరిన ఉప్పును కారమును పైకి తెచ్చి, ఉప్పు చాలినదో లేదో చూచి, నూనె తేలునట్లు పోసి, జాడీకి వాసెన గట్టుదురు. వాసెన యనగా పాత్రమూతికి బిగించి కట్టిన గుడ్డ. ఈ గుడ్డయే వంటలోను ఉపయోగపడును: మరుగు నీటి పాత్రకు వాసెన గట్టి దానిమీద కుడుములను ఆవిరిపై ఉడికింతురు. ఒకచోట అది ఆవిరిని పైకి పోనిచ్చును. మరియొకచోట దుమ్మును ఈగలను లోనికి రానీయదు.

4. పులియుట, పేరుట, కాగుట

నీటిని తొలగించుట గాని ఉప్పుతో కట్టుట గాని సాధ్యము కానిచోట మూడవ ఉపాయము పులియబెట్టుట. రాత్రి మిగిలిన అన్నములో నీరో మజ్జిగయో పోసి ఉంచినది చద్ది. చలిది, చల్ది, చద్ది యను రూపములలో ఈ పదపరిణామము స్పష్టము. పోతన భాగవతము దశమస్కంధములో గోపబాలురు కృష్ణునితో కూడి చల్దులారగించు ఘట్టము తెలుగువారందరు ఎరిగినదే. పెద్దల మాట చద్దిమూట యను సామెతలో చద్ది తక్కువ తిండి కాదు. దారిలో ఆకలి వేళకు ఆదుకొను భరోసా. అన్నమును నీటిలోనో గంజిలోనో నిలువయుంచి పులియనిచ్చిన తరవాణి ఒకప్పుడు వేసవియందు పెక్కు ఇండ్లలో ఉదయపానము.

పాలకు సంబంధించిన మాటలలో ఇంటి నిలువ శాస్త్రమంతయు సంగ్రహముగ కలదు. పాలు కాచుదురు, దాలిలో పిడకల సెగపై గంటల తరబడి కాగనిత్తురు. కాగిన పాలు గోరువెచ్చగా ఆరిన పిదప తోడుపెట్టుదురు. తోడనగా ముందటి దినపు పెరుగు. కొన్ని సీమలలో దీనికే చేమిరి యని పేరు. ఒక చుక్క తోడు చేరగా పాలు పేరును. పేరిన పెరుగును కవ్వముతో చిలుకుదురు. వెన్న తేలును, చల్ల మిగులును. వెన్నను కాచినచో నెయ్యి యగును.

ఈ వరుసలో ఒక్కొక్క మెట్టు ఆయుర్దాయమును పెంచునది. పచ్చిపాలు కొన్ని గంటలు, కాచిన పాలు ఒక పూట, పెరుగు ఒకటి రెండు దినములు, నీటిలో వేసిన వెన్న మరికొన్ని దినములు, నెయ్యి నెలల తరబడి నిలుచును. వెన్నకును నేతికిని భేదము నీరే. ఇంట తీసిన వెన్నలో నూటికి పదునైదు పాళ్లకు పైగా నీరుండును. కాచునప్పుడు వినవచ్చు చిటపటలు ఆ నీరు ఆవిరియగు చప్పుడు. చప్పుడు ఆగినచో నీరు పోయినదని అర్థము, అప్పుడు దింపవలెను. మరి కొంతసేపు ఉంచినచో అడుగుగసి మాడును. గడియారమును ఉష్ణమాపకమును లేని వంటింటిలో చెవియే కొలమానము.

5. నిలువ చోట్లు, పాత్రలు

ధాన్యమును నిలువ చేయు చోట్ల పేర్లలో నిర్మాణభేదము కానవచ్చును. నేలలో త్రవ్వినది పాతర. వెదురుతడికతో అల్లి పేడతో మట్టితో మెత్తినది గరిసె. ఇంటి ఆవరణమున ధాన్యమునకై కట్టినది గాదె. గడ్డితో పేనిన మోకును చుట్టి నిలిపినది పురి. తెలంగాణమున గుమ్మి యను పేరు వినవచ్చును. చెమ్మనుండి, ఎలుకనుండి, పురుగునుండి గింజను కాపాడుటయే వీనియన్నింటి పని. గాదె క్రింది పందికొక్కు సామెతకు ఎక్కుట ఆ బాధ ఎంతటిదో తెలుపును. పాతరలో గింజ ఊపిరి పీల్చి లోపలి ప్రాణవాయువును తరుగజేయును. గాలి చొరనిచో పురుగు బ్రతుకదు. పాతరవేయుట యనగా నేడు ఒక విషయమును ఎవరికిని తెలియకుండ కప్పిపెట్టుట. కాని మూలార్థమున పాతర కప్పిపెట్టుట కొరకు కాదు, మరల తీసికొనుట కొరకు.

పప్పుదినుసులకు ఆముదము పట్టించుట, బియ్యములో వేపాకు వేయుట, చింతపండులోని గింజలను ఈనెలను తీసి ఉప్పు కలిపి కుండలో అదుముట పురుగును చెమ్మను అడ్డుకొను ఉపాయములే. పాలు పెరుగులను ఉట్టిలో పెట్టుట పిల్లికిని చీమకును అందకుండుటకు. గాలి ఆడుటచేత కొంత చల్లదనమును కలుగును. ఉట్టి కెక్కలేనమ్మ స్వర్గమున కెక్కునా యను సామెతలో ఉట్టి ఇంటిలో అందరాని ఎత్తునకు గుర్తు.

పాత్రలను ఎన్నుకొనుటయందును వివేకము కలదు. పులుపు ఇత్తడికిని రాగికిని పడదు, చిలుము పుట్టును. అందువలన ఇత్తడి పాత్రకు లోపల తగరపు కళాయి పూయింతురు. పులుసునకు రాచ్చిప్ప వాడుదురు. రాతిచిప్ప యను మాటయే రాచ్చిప్ప యైనది. ఊరగాయకు పింగాణిజాడీ; ఉప్పునకును చింతపండునకును మట్టికుండ. పదార్థమును, పాత్రను, మూతను కలిపి ఒక్కటిగా నేర్పినచో తప్ప ఈ విద్య పట్టుపడదు.

6. చెడిపోవుటకు గల పేర్లు

ఒక భాషకు ఆహారమును గూర్చి ఎంత తెలియునో, చెడిన ఆహారమునకు దానియందు ఎన్ని పేర్లు గలవో చూచి చెప్పవచ్చును. తెలుగున వండిన పప్పుగాని కూరగాని పాచిపోవును. పాచి యనగా నిలువనీటిపై పట్టు జిగురుపొర. చెడిన వంటకముయొక్క జిగటకు ఈ మాట సరిపోయినది. పిండి పులియును, పాలు విరుగును, పండు కుళ్లును, గుడ్డు మురుగును, పప్పుగింజ పుచ్చును, బియ్యమును పిండియు ముక్కును, నూనెయు కొబ్బరియు కనరుపట్టును, ఊరగాయ బూజుపట్టును, అప్పడము మెత్తబడును.

ఇవి పర్యాయపదములు కావు. బియ్యము పాచిపోయినదని ఎవరును అనరు. పాలు పుచ్చినవని అనరు. ప్రతి పదమునకును వేరు కారణము, వేరు ప్రతిక్రియ కలవు. పుచ్చుటకు కారణము పురుగు, ఏరి పారవేయవలెను. ముక్కుటకు కారణము గింజను చేరిన చెమ్మ, ఎండబెట్టి చూడవచ్చును. కనరునకు కారణము గాలి. దానికి విరుగుడు లేదు, ముందే మూత బిగింపవలసినది. మెత్తబడుట చెడుట కానే కాదు. ఎండలో పెట్టిన అప్పడము మరల పెళపెళలాడును. విరిగిన పాలు త్రాగుటకు పనికిరాకున్నను కోవకు పనికివచ్చును. పులియుట ఒకచోట దోషము, మరియొకచోట కోరదగిన గుణము. పేరు తెలిసిన ఇల్లాలికి కారణము తెలిసినట్లే. కారణము తెలిసినచో ఏది పారవేయవలెనో, ఏది దక్కించుకొనవలెనో తెలియును. వీనియన్నింటికిని చెడిపోయినది యను ఒక్క మాటయే వాడినచో ఈ జ్ఞానమంతయు చేజారును.

7. తడిచేయి, మైలచేయి

ఈ సందర్భమున ఒక విషయము దాచక చెప్పవలసియున్నది. జాడీని తాకుటను గూర్చి మన ఇండ్లలో రెండు విధులు కలవు. తడిచేయి తగులరాదనునది ఒకటి. ముట్టైన స్త్రీగాని, మైలలో నున్నవారుగాని, తక్కువవారని తాము ఎంచిన కులమువారుగాని తాకరాదనునది రెండవది. ఈ రెంటిని ఒకే నోటితో, ఒకే కంఠస్వరముతో చెప్పుటచేత రెండును ఒకే విధమైన జ్ఞానమన్న భ్రమ కలిగినది. మొదటిదానికి ప్రత్యక్షమైన కారణము కలదు. ఎవరైనను పరీక్షించి చూడవచ్చును. రెండవదానికి పదార్థగుణమున ఏ ఆధారమును లేదు. బూజునకు నీటిచుక్క తెలియును గాని మనుష్యుల మైల తెలియదు. నీరు చేరిన వంటకమునకు అంటు కలదని, పొడి పదార్థమునకు లేదని చేసిన ఆచారవిభాగమున తడిపొడుల వివేకపు నీడ కొంత ఉండవచ్చును. ఆ నీడను మనుష్యులకు పులిమినది ఆహారశాస్త్రము కాదు, సామాజికమైన అంతరము. పదములను సేకరించువారు ఈ రెంటిని వేరు చేయవలెను. లేనిచో పాతదంతయు వివేకమనుట గాని, పాతదంతయు మౌఢ్యమనుట గాని సంభవించును. రెండును తప్పే.

8. నేటి స్థితి, చేయదగిన పని

శీతలయంత్రము తడిని తొలగింపదు; తడియున్నను చెడుట జరుగకుండ నెమ్మదింపజేయును. కావున అది వచ్చిన ఇంట ఆరుటకును వడలుటకును గల భేదము జీవనావసరము కాదు. ఇందుకు చింతింప నక్కర లేదు. గంజి వార్చునప్పుడు చేతులు కాల్చుకొని, దాలిపొగలో కండ్లు చెడగొట్టుకొని, రోకలిపోటుతో తెల్లవారిన స్త్రీలకు యంత్రము మేలే చేసినది. భాషయు ఊరకుండలేదు: కుక్కరు మూడు ఈలలు వేయుట నేటి వంటింటిలో క్రొత్త కాలమానము. ఇడ్లీపిండిని శీతలయంత్రమునుండి ముందే తీసి బయట పెట్టుట క్రొత్త విధి. పనులు మారును, మాటలు పుట్టును. పాత మాటలను వాడుకలో నిలుపుట మన చేతిలో లేదు. వానిని అర్థముతో గూడ నమోదు చేయుట మాత్రము మన చేతిలోనిదే.

నిఘంటువుల సాయము ఇచ్చట పరిమితము. 1852లో వెలువడిన బ్రౌను దొర నిఘంటువును, 1885 నాటి బహుజనపల్లి సీతారామాచార్యులవారి శబ్దరత్నాకరమును ఈ పదములలో పెక్కింటిని ఎక్కించినవి. కాని పదమునకు ప్రతిపదమిచ్చుట వేరు, పనిలో ఆ పదముయొక్క చోటును చూపుట వేరు. ఆరుటకు అర్థము తెలిసినంత మాత్రమున ఆవకాయముక్క ఎంత ఆరవలెనో తెలియదు. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశపు వ్యవసాయ సంపుటము ఈ విషయమున మార్గదర్శకము. అది పనిచేయువాని నోటినుండి, ఆ పని క్రమములో, ప్రాంతభేదములతో పదములను సేకరించు పద్ధతిని చూపినది. కూలి లేని పనియగుటచే వంట వృత్తిగా లెక్కకు రాకపోవచ్చును. కాని అందు నేర్పరితనము, పరికరములు, పరిభాష, శిష్యపరంపర అన్నియు కలవు. ఏ వృత్తికైనను లక్షణము ఇంతకంటె వేరేమున్నది?

సేకరణకు రెండు మూడు సూచనలు చేయవచ్చును. వస్తువును చూపి దీని పేరేమని అడిగినచో నామవాచకములు మాత్రమే దొరకును. పని జరుగుచున్నప్పుడు పక్కన కూర్చుండి, ఇప్పుడేమి చేయుచున్నారు, ఎంతవరకు చేయుదురు, మించినచో ఏమగునని అడిగినచో క్రియలు దొరకును. ఈ పదజాలముయొక్క ప్రాణము క్రియలలోనే కలదు. ఒకే వస్తువునకు సీమలవారీగా గల పేర్లను చేర్చవలెను: ఒకచోట రాగులు, మరియొకచోట చోళ్లు, తెలంగాణమున తైదలు, ఒకచోట పోపు, మరియొకచోట తాలింపు, ఇంకొకచోట తిరగమోత. ఒకే కులమువారి వంటింటితో తృప్తిపడరాదు. ఎండుచేపకును ఉప్పుకండకును గల నిలువ పద్ధతులలోను ఇదే తడిపొడుల వివేకము వేరు మాటలతో కానవచ్చును. చెప్పినవారి యూరును వయస్సును తప్పక గుర్తింపవలెను.

వేసవి సెలవులలో విద్యార్థులు ఇండ్లకు పోవుదురు. మామిడికాయ వచ్చునదియు అప్పుడే. ఇంటిలో ముక్కలు కొట్టునాడు అవ్వ యొద్దనో మేనత్త యొద్దనో ఒక పూట కూర్చుండి, ఆమె వాడిన ప్రతి క్రియను ఆమె నోట వినవచ్చినట్లే వ్రాసికొన్నచో, ఒక్కొక్క ఇంటినుండి పది పదునైదు మాటలైనను చేరును. ముక్క ఎంత ఆరవలెనని ఆమె నడిగినచో వేలితో నొక్కి చూపును. ఆ నొక్కుటకును ఒక మాట ఉండును. దానిని ముందుగా వ్రాసికొనవలెను.